మిషన్ డిస్ట్రిక్ట్ గోడ బొమ్మలు: గంటల లెక్క లేకుండా చూసి రావాలంటే

మీరు అడిగింది ఇది: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఒక శనివారం ఫ్రీమాంట్ నుంచి వెళ్లి, శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ డిస్ట్రిక్ట్‌లోని గోడ బొమ్మలు చూడాలి. గైడు వెనక పరుగెత్తే టూరు వద్దు. అలాగని అక్కడ దిగాక ఎటు నడవాలో తెలియక ఫోన్ చూసుకుంటూ నిలబడటమూ వద్దు. అదే రోజు గోల్డెన్ గేట్, పియర్ 39 కూడా కలుపుకోవచ్చా అన్నారు. ముందు దానికే జవాబు: కలపకండి. మిషన్‌లో నాలుగైదు గంటలు నడిచాక బ్రిడ్జి మీద ఈదురుగాలికి నిలబడే ఓపిక పెద్దవాళ్లకు మిగలదు. ఒక్కచోటే ఉంటే గోడలు చూస్తారు, మూడు చోట్లు పెట్టుకుంటే పార్కింగ్ చూస్తారు.

ముందుగా ఖాయం చేసుకోవలసినవి మూడే: దిగే స్టేషన్, కూర్చుని తినే చోటు, తిరుగు రైలెక్కే స్టేషన్. ఏ గోడ దగ్గర ఎంతసేపు అన్నది అక్కడే తేలాలి. ‘తప్పక చూడవలసిన నలభై మ్యూరల్స్’ లాంటి జాబితాలు మ్యాప్‌లో గుచ్చుకుని వెళ్తే ఒక చిక్కుంది. ఆ జాబితా రాసిన నాటి బొమ్మ ఇప్పుడు ఉండకపోవచ్చు. ఇల్లు చేతులు మారుతుంది, కొత్త యజమాని తెల్లసున్నం వేయిస్తాడు. గోడలోకి నీరు దిగి రంగు పెచ్చులు ఊడుతుంది. మరమ్మతుకు పరంజా కడతారు, లేదంటే సరిగ్గా ఆ గోడ ముందే సరుకుల ట్రక్కు ఆగి ఉంటుంది. లేని బొమ్మ కోసం పది నిమిషాలు వెతికేవాళ్లు దారిలో ఉన్న మూడింటిని చూడకుండానే దాటిపోతారు. ఏళ్ల తరబడి నిలిచిన గోడలకు మాత్రం ఆరేడు పిన్నులు పెట్టుకోండి. మిగతావి వాటి మధ్య దారిలో వాటంతటవే తగులుతాయి.

ఇక్కడి బొమ్మలు రెండు గుంపులు. ఒకటి 24వ స్ట్రీట్ వెంబడి, మిషన్ స్ట్రీట్ నుంచి తూర్పుగా యార్క్ స్ట్రీట్ దాకా, అర మైలు పైచిలుకు ఉంటుంది. రెండోది 18వ స్ట్రీట్‌లోని విమెన్స్ బిల్డింగ్, దాని దగ్గరే ఉన్న క్లారియన్ సందు. రెంటికీ మధ్య మైలు పైనే నడక. పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేట్టయితే రెండూ చూడండి. పూట మాత్రమే ఉంటే 24వ స్ట్రీట్ ఒక్కటి చాలు, దాన్ని తగ్గించకండి.

రైల్లోనే వెళ్లండి. ఫ్రీమాంట్‌లో డేలీ సిటీ వైపు వెళ్లే బార్ట్ గ్రీన్ లైన్ ఎక్కితే 24వ స్ట్రీట్ మిషన్ స్టేషన్‌లో దిగవచ్చు, ముప్పావుగంట పైచిలుకు పడుతుంది. రాత్రి పొద్దుపోయాక గ్రీన్ లైన్ ఆగిపోతుంది, అప్పుడు మధ్యలో ఆరెంజ్ లైన్‌లోకి మారాలి. కాబట్టి తిరుగు టైము యాప్‌లో ముందే చూసుకోండి. రైలుకూ బస్సుకూ టికెట్‌గా పనికొచ్చే క్లిప్పర్ కార్డు ఫోన్‌లో పెట్టుకోవచ్చు, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. ఒకే కార్డుతో నలుగురు గేటు దాటడం కుదరదు.

కారులో వెళ్తే ఈ ఊళ్లో అద్దాలు పగలగొట్టి సామాను ఎత్తుకుపోవడం మామూలు సంగతే. సీటు మీద ఖాళీ సంచీ కనిపించినా చాలు. డిక్కీలో దాచినా నమ్మకం లేదు, ఆగిన చోట డిక్కీ తెరిచి సామాను సర్దడం చూసేవాళ్లుంటారు. అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇంట్లోనే ఉంచండి, కాపీ ఫోన్‌లో చాలు. వీధి ఊడ్చే రోజు, టైము స్తంభాల మీద రాసి ఉంటుంది. చదవకపోతే బొమ్మల కంటే జరిమానా ఎక్కువ గుర్తుంటుంది.

బయలుదేరే టైము వెలుతురును బట్టి నిర్ణయించండి. 24వ స్ట్రీట్ నుంచి పక్కకు చీలే బామీ సందు ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. పొద్దున ఎండ పడమటి వైపు గోడల మీద, మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు గోడల మీద పడుతుంది. సందు ఇరుకు కాబట్టి రెండు పక్కలా వెలుగు ఉండేది పదకొండు నుంచి రెండు లోపు. క్లారియన్ సందు తూర్పు పడమరలుగా ఉంటుంది. అక్కడ ఉత్తరం వైపు గోడకు రోజంతా ఎండ, ఎదురు గోడకు చలికాలంలో దాదాపు రోజంతా నీడ. అందుకే పొద్దున 24వ స్ట్రీట్, మధ్యాహ్నం 18వ స్ట్రీట్ అనే వరస నప్పుతుంది. అయితే ఒక మినహాయింపు. 24వ స్ట్రీట్‌లో కొన్ని బొమ్మలు దుకాణాల షట్టర్ల మీద ఉంటాయి. దుకాణం తెరిస్తే షట్టరు పైకి చుట్టుకుని బొమ్మ మాయమవుతుంది. అవి కావాలంటే పదికి ముందే అక్కడ ఉండాలి. పెద్దవాళ్లతో అంత పొద్దున్నే వెళ్లాలా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే వాటి కోసం నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

స్టేషన్ నుంచి తూర్పుకు నడిచేటప్పుడు ఒక ఫుట్‌పాత్, వెనక్కి వచ్చేటప్పుడు ఎదుటి ఫుట్‌పాత్ పట్టుకోండి. పెద్ద బొమ్మలు చాలావరకు మూల ఇళ్ల పక్క గోడల మీద ఉంటాయి. తూర్పుకు తిరిగి ఉన్న గోడ తూర్పుకు నడిచేవాళ్లకు కనిపించదు, వెనక్కి తిరిగి చూస్తేనే తెలుస్తుంది. ప్రతి కూడలి దాటాక ఒకసారి ఆగి వెనక్కి చూడటం అలవాటు చేసుకోండి.

మొదటి పిన్ను సౌత్ వాన్‌నెస్ మూల. ఇక్కడ కింద చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. ‘కార్నవాల్’ అనే 1983 నాటి బొమ్మ పైన, బ్రేకుల షాపు పైకప్పు మీదుగా లేచిన గోడ మీద ఉంది. డేనియల్ గాల్వెజ్ బృందం వేసింది. పేట జనం వేషాలు కట్టి ఆడుతున్న ఉత్సవం. రోడ్డుకు అవతల నిలబడి తల ఎత్తితేనే మొత్తం కనిపిస్తుంది.

అక్కడి నుంచి ఫోల్సమ్ దాటాక, హారిసన్ రాకముందే కుడి చేతి వైపు బామీ సందు. 24, 25 స్ట్రీట్‌ల మధ్య ఒకే ఒక్క బ్లాకు. ఐదు నిమిషాల్లో దాటేయవచ్చు, కానీ గంట పెట్టుకోండి. 1970ల మొదట్లో పేట పిల్లలతో కలిసి వేసిన బొమ్మలతో ఇక్కడ పని మొదలైంది. ‘ముహేరెస్ మురలిస్టాస్’ అనే ఆడవాళ్ల బృందం వాళ్లూ ఆ తొలినాళ్లలోనే వేశారు. 1984లో రే పట్లాన్ ముందుండి ‘ప్లాకా’ పేరుతో ముప్పై మందికి పైగా చిత్రకారులను కూడగట్టాడు. సందంతా ఒకే విషయం మీద నింపారు: సెంట్రల్ అమెరికా జనజీవనం, అక్కడి యుద్ధాల్లో అమెరికా జోక్యానికి వ్యతిరేకత. ఎల్ సాల్వడార్, నికరాగువా, గ్వాటెమాలా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు అప్పటికే ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నాయి. ఈ ఒక్క సంగతి ముందే అమ్మానాన్నలకు చెప్పి ఉంచండి. అది తెలియకపోతే హెలికాప్టర్లు, తల్లుల ఏడుపు, మొక్కజొన్న కంకులు అన్నీ విడివిడి బొమ్మల్లా కనిపిస్తాయి.

ప్లాకా నాటి వాటిలో మిగిలినవి కొన్నే. ఒబ్రయన్ థీలీ, మిరాండా బర్గ్‌మన్ వేసినది వాటిలో ఒకటి. ‘సంస్కృతిలో ప్రతిఘటన విత్తనం ఉంది’ అన్న అర్థం వచ్చే పొడవైన పేరు దానిది. దాన్ని మళ్లీ బాగుచేశారు. పక్కనే ఇళ్ల అద్దెల మీద, వలసల మీద కొత్తవి ఉంటాయి. ఏది పాతది ఏది కొత్తది అన్నది పేర్లు తెలియకపోయినా పట్టుకోవచ్చు. కింది మూల చూడండి: సంతకం, ఏడాది, ఒక్కోసారి మళ్లీ రంగులు వేసిన ఏడాది, సాయం చేసినవాళ్ల పేర్లు ఉంటాయి. బ్రష్‌తో వేసిన వాటికి అంచులు గట్టిగా ఉంటాయి, స్ప్రేతో వేసిన వాటికి రంగు రంగులోకి పొగలా కలిసిపోతుంది. ఎండ తగిలే గోడల మీద ఎరుపు, పసుపు ముందుగా వెలుస్తాయి. నీలం మాత్రమే మిగిలినట్టు కనిపిస్తే అది చాలాకాలంగా ఎవరూ ముట్టుకోని గోడ.

బామీలో చాలా బొమ్మలు గరాజ్ తలుపుల మీద, చెక్క కంచెల మీద ఉన్నాయి. అవి జనం ఉండే ఇళ్ల పెరటి తలుపులు. కారు వస్తే పక్కకు తప్పుకోండి. తలుపు తెరిచి ఉంటే లోపల ఫోటో తీయకండి. కొద్దిసేపాగితే మూస్తారు. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, చెప్పుల కంటే బూట్లు మేలు. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి రిఫ్లెక్టర్లు, డ్రోను పట్టుకుని ఈ సందులోకి వచ్చే మన జంటలు ఉన్నారు. గోడ ముందు గంటసేపు దారి మూయడం ఇక్కడివాళ్లకు ఏమాత్రం నచ్చదు. ఇంటి కోసం ఫోటోలు తీసుకోవడానికి ఎవరూ ఏమీ అనరు. అదే ఫోటో వ్యాపార ప్రకటనలోనో, అమ్మే టీషర్టు మీదనో వాడాలంటే కాపీరైటు చిత్రకారులదని గుర్తుంచుకోండి.

సందులోంచి మళ్లీ 24వ స్ట్రీట్‌కి వస్తే హారిసన్ దగ్గరే గోడ బొమ్మలు వేసే ప్రెసిటా ఐస్ (Precita Eyes) వాళ్ల కేంద్రం. సుసాన్ సెర్వాంటెస్, లూయిస్ సెర్వాంటెస్ 1977లో మొదలుపెట్టిన సంస్థ. ఈ పేట గోడల్లో చాలా వాటి వెనక వీళ్ల చెయ్యి ఉంది. రంగులు, మ్యాపులు, పోస్టుకార్డులు అమ్ముతారు. మ్యాపు ఒకటి కొనండి, వాళ్లకు సాయం, మీకు ఫోన్ బ్యాటరీ ఆదా. వారాంతాల్లో నడక టూర్లు పెడతారు, టైములు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. గైడు వద్దన్నారు గానీ, ఒక్క మాట. మీ రోజులో గడియారానికి కట్టుబడే పని ఒక్కటే పెట్టుకోవాలంటే అది ఈ టూరే అవ్వాలి. బామీని ముందు మీ అంతట మీరు చూసి, తర్వాత టూరులో చేరితే అడగడానికి మీ దగ్గర ప్రశ్నలు ఉంటాయి. ముందే టూరు పెట్టుకుంటే చెప్పింది విని తల ఊపడమే అవుతుంది.

ఇంకా తూర్పుకు వెళ్తే అలబామా, ఫ్లోరిడా వీధుల మధ్య సెయింట్ పీటర్స్ చర్చి. దాని గోడ మీద ‘500 ఏళ్ల ప్రతిఘటన’ ఉంది. కొలంబస్ వచ్చి ఐదువందల ఏళ్లయిన సందర్భానికి, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన ఇసయాస్ మాటా వేసినది. ఒక చర్చి తన గోడను ఇలాంటి బొమ్మకు ఇచ్చిందన్నది గమనించవలసిన విషయం. ఆదివారం అయితే ప్రార్థన వేళ జనం ఉంటారు, గోడ ముందు నిలబడటం కష్టం.

ఇక యార్క్ మూల. మీ అమ్మానాన్నల కోసం ఈ ఊళ్లో ఒకే ఒక్క గోడ చూపించాలంటే ఇదే చూపించండి. హువానా అలీసియా 2004లో వేసిన ‘లా యోరోనా పవిత్ర జలాలు’. అంతకుముందు ఇదే గోడ మీద ఆవిడే 1983లో లెట్యూస్ తోటల్లో పనిచేసే ఆడ కూలీల బొమ్మ వేసింది. పైన పురుగుమందు చల్లుతున్న విమానం, కింద గర్భిణి కూలీ. ఆవిడ స్వయంగా సాలినాస్ తోటల్లో లెట్యూస్ కోసిన మనిషి. ఆ గోడ నీరు పట్టి బాగుచేయలేనంతగా పాడైపోయింది. దాని స్థానంలో వచ్చిన కొత్త బొమ్మ విషయం కూడా నీళ్లే. లా యోరోనా అంటే పిల్లల్ని పోగొట్టుకుని నీటి ఒడ్డున ఏడుస్తూ తిరిగే ఆడమనిషి, మెక్సికో కథల్లో ఉంటుంది. ఆమె చుట్టూ బొలీవియా కోచబాంబాలో నీటిని ప్రైవేటు కంపెనీకి అప్పగించడం మీద తిరగబడిన జనం, మెక్సికో హువారెజ్‌లో హత్యలకు గురైన ఆడవాళ్ల కోసం నల్లబట్టల్లో నిలబడినవాళ్లు ఉన్నారు. మునిగిపోతున్న ఇళ్ల దగ్గర నీళ్లలోనే నిలబడ్డ నర్మదా లోయ రైతులూ ఉన్నారు. చీరకట్టు చూసి మీ అమ్మగారే ముందు గుర్తుపట్టవచ్చు, మీరు ముందే చెప్పేయకండి.

అదే చుట్టుపక్కల 24వ స్ట్రీట్ మినీ పార్కు ఉంది. మొజాయిక్ ముక్కలతో చేసిన ఈకల పాము, చుట్టూ గోడల మీద బొమ్మలు, కూర్చోవడానికి చోటు. పెద్దవాళ్ల మోకాళ్లకు ఇక్కడ అరగంట ఇవ్వండి. 24వ స్ట్రీట్ మీద ఆగి కూర్చునే చోట్లు తక్కువ.

తిండి సంగతి జాగ్రత్తగా చెప్తాను, శాకాహారులతో వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అన్నం, బీన్స్ రొట్టెలో చుట్టి ఇచ్చే మిషన్ బురిటోలో మాంసం లేకుండా అడిగితే సరిపోదు. మెత్తగా మెదిపిన పింటో బీన్స్‌లో చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు, అన్నాన్ని కోడి పులుసులో ఉడికిస్తారు. మూడు ప్రశ్నలు అడగండి: బీన్స్‌లో ‘మాంతెకా’ ఉందా, అన్నంలో ‘కాల్దో దె పొయో’ ఉందా, పెనం వేరేనా. బ్లాక్ బీన్స్‌లో కొవ్వు లేని అవకాశం ఎక్కువ. అన్నం మానేసి బ్లాక్ బీన్స్, గ్వాకమోలే, సాల్సాతో చేయించుకోవచ్చు. సాల్వడార్ వాళ్ల పుపూసా మన పూర్ణం రొట్టెలా లోపల కూరి కాల్చేది. ‘కేసో కోన్ లొరోకో’ అని అడిగితే చీజ్, ఒక రకం పూమొగ్గలు ఉంటాయి. ‘రెవుయెల్తా’ అన్నది తీసుకోకండి, అందులో పంది మాంసం ఉంటుంది. పెనం మాత్రం చాలాచోట్ల ఒకటే. అది పట్టింపు ఉన్నవాళ్లైతే ఇంటి నుంచి పులిహోర డబ్బాలో తెచ్చుకుని పార్కులో తినడం హాయి. బేకరీల్లో తీపి రొట్టెలకు గుడ్డు ఉంటుందని అనుకునే కొనండి. చిన్న దుకాణాల కోసం కొంచెం నగదు దగ్గర ఉంచుకోండి.

బాత్రూమ్ గురించి ఎవరూ రాయరు గానీ పెద్దవాళ్లతో అదే సగం ప్లాను. ఫ్రీమాంట్ స్టేషన్‌లో ఒకసారి, తిన్నచోట ఒకసారి, మధ్యాహ్నం డొలోరెస్ పార్కులో ఒకసారి. మధ్యలో దొరుకుతుందిలే అనుకోవద్దు.

భోజనం తర్వాత 18వ స్ట్రీట్‌కి నడిపించకండి. 48 నంబరు బస్సు 24వ స్ట్రీట్ మీదే మిషన్ దాకా వెళ్తుంది. అక్కడ ఉత్తరం వైపు వెళ్లే 14 గానీ 49 గానీ ఎక్కి 18వ స్ట్రీట్ దగ్గర దిగండి. పడమరగా వాలెన్సియా దాటగానే విమెన్స్ బిల్డింగ్. 1910లో జర్మన్ల వ్యాయామ సంఘం కట్టుకున్న హాలు, తర్వాత నార్వే వాళ్ల సంఘం చేతికి వచ్చింది, 1979లో ఆడవాళ్ల సంస్థ కొనుక్కుంది. 1994లో ఏడుగురు స్త్రీలు కలిసి రెండు ముఖాల మీదా పై అంతస్తు వరకు ‘మయెస్ట్రాపీస్’ వేశారు. ఆ ఏడుగురిలో మీరా దేశాయ్ ఒకరు. పైన కనిపించే పెద్ద ముఖం గ్వాటెమాలాకు చెందిన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత రిగొబెర్తా మెంచూది. భవనం చుట్టూ ఒక పొడవాటి గుడ్డ చుట్టినట్టు ఉంటుంది, దాని మడతల్లో వందల మంది స్త్రీల పేర్లు రాసి ఉన్నాయి. దూరం నుంచి ఒకసారి, గోడ దగ్గరకు వెళ్లి పేర్లు చదువుతూ ఒకసారి చూడాలి. ఎదురుగా నిలబడితే ఫోటోలో మొత్తం పట్టదు. ఫోన్ కెమెరాలో 0.5 జూమ్ పెడితే పై ముఖాలు వంగిపోతాయి. ఎదుటి మూలకు వెళ్లి ఐమూలగా రెండు ముఖాలూ వచ్చేలా తీయండి. పక్కనున్న లాపిడ్జ్ స్ట్రీట్ వైపు గోడను మర్చిపోకండి, సగం మంది ముందు వైపు చూసి వెళ్లిపోతారు.

క్లారియన్ సందు 17, 18 స్ట్రీట్‌ల మధ్య, మిషన్ నుంచి వాలెన్సియా దాకా. 1992 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు. ఇక్కడి బొమ్మలు ఘాటుగా ఉంటాయి: పోలీసు కాల్పులు, ఖాళీ చేయించిన ఇళ్లు, ఎన్నికలు. బామీ కంటే తొందరగా మారిపోతాయి. బూతు మాటలు, నగ్న చిత్రాలు ఉండవచ్చు. ఒక్కోసారి మూత్రం వాసన, నేల మీద సూదులు కూడా. పెద్దవాళ్లకు నచ్చదనిపిస్తే వాళ్లను డొలోరెస్ పార్కులో కూర్చోబెట్టి మీరిద్దరూ పావుగంటలో చూసి రండి. పగటిపూట అక్కడ జనం తిరుగుతూనే ఉంటారు. చీకటి పడ్డాక ఏ సందులోకీ వెళ్లనక్కర్లేదు, బొమ్మ కూడా కనిపించదు. తిరుగు రైలు 16వ స్ట్రీట్ స్టేషన్‌లో ఎక్కేట్టయితే మిషన్ స్ట్రీట్ వెంబడి కాకుండా వాలెన్సియా మీదుగా నడిచి, చివర్లో తూర్పుకు తిరగండి. స్టేషన్ బయట రద్దీ, గోల ఎక్కువ, ఆగకుండా లోపలికి వెళ్లిపోండి. అది ఇబ్బంది అనుకుంటే బస్సులో 24కే తిరిగి వెళ్లవచ్చు.

హైదరాబాద్‌లో ఖైరతాబాద్ దగ్గర మక్తా గోడలు చూసి ఉంటే ఒక తేడా తెలుస్తుంది. అక్కడిది 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఉత్సవంగా చేసిన పని. ఇక్కడ యాభై ఏళ్లుగా ఒకదాని మీద ఒకటి వేస్తూ, చెరిపేస్తూ వచ్చారు. కాబట్టి అన్నీ ఒకే స్థాయిలో బాగుంటాయని ఆశించకండి. బడి పిల్లలు వేసినవీ ఉంటాయి, చెయ్యి తిరిగినవాళ్లవీ ఉంటాయి.

ఏ నెలలో వెళ్తే మేలని కూడా అడిగారు. ట్విన్ పీక్స్ కొండలు పొగమంచును అడ్డుకుంటాయి కాబట్టి ఊళ్లో మిగతా చోట్ల కంటే మిషన్‌లో ఎండ ఎక్కువ. అయినా జూలై, ఆగస్టుల్లో మూడు దాటాక చలిగాలి తగులుతుంది, స్వెట్టర్ ఉండాలి. సెప్టెంబరు, అక్టోబరు అన్నిటికంటే బాగుంటాయి. మే చివరి సోమవారానికి (మెమోరియల్ డే) ముందు శని, ఆదివారాల్లో హారిసన్ స్ట్రీట్ మీద కార్నవాల్ ఉత్సవం జరుగుతుంది. ఉత్సవం కావాలంటే అప్పుడే వెళ్లండి, గోడలు కావాలంటే ఆ వారం మానేయండి. నవంబరు 2న చనిపోయినవాళ్ల పండుగ. సాయంత్రం పొట్రెరో డెల్ సోల్ పార్కులో దీపాలు, బంతిపూలతో పీఠాలు పెడతారు. మన పెద్దవాళ్లకు ఆ బంతిపూల వరసలు చూస్తే కొత్తగా ఏమీ అనిపించదు, సంతోషిస్తారు.

వాన పడితే ఈ ప్లాను వాయిదా వేయండి. తడి గోడ మీద రంగు ముదురుగా బాగానే కనిపిస్తుంది గానీ గొడుగు, ఫోను, పెద్దవాళ్ల చెయ్యి మూడూ ఒకేసారి పట్టుకోలేరు. రైలు ఎక్కేశాక వాన మొదలైతే 24 దాకా వెళ్లకుండా, ముందే వచ్చే మాంట్‌గోమరీలో గానీ పావెల్‌లో గానీ దిగి, కోయిట్ టవర్‌కి వెళ్లండి. నార్త్ బీచ్ పేట దాకా వెళ్తే అక్కడి నుంచి 39 నంబరు బస్సు కొండ మీదికి ఎక్కిస్తుంది. లోపలి గోడల మీద 1934 నాటి కూలీల, రైతుల, దుకాణాల బొమ్మలు ఉన్నాయి, కప్పు కింద చూడవచ్చు. అవి ప్రభుత్వం జీతాలిచ్చి వేయించినవి, పేటవాళ్లు వేసుకున్నవి కావు. మిషన్‌కి ఎండ ఉన్న మరో శనివారం పెట్టుకోండి.